ముసురు రోజుల్లో రంగు తోలును ఇంటి వేడితో ఆరబెట్టడం

సభకు నమస్కారం. పర్లాకిమిడిలోనూ గజపతి జిల్లాలోని చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇంటి దగ్గర బెల్టులు, చెప్పులు, సంచులు కుట్టుకునే మన తెలుగువాళ్లకు వానాకాలమంతా ఒకటే ఇబ్బంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందంటే మహేంద్రగిరి మబ్బుల్లో మునుగుతుంది, ముసురు పట్టి ఎండ కనబడదు, రంగు వేసిన తోలు ఆరదు. తడిగా వదిలేస్తే బూజు పడుతుంది. తొందరపడి పొయ్యి దగ్గర పెడితే తోలే పాడవుతుంది. అందుకే ఇంట్లో ఉన్న వేడిని ఎంతవరకు, ఎలా వాడుకోవచ్చో మీ ముందుంచుతున్నాను.

తోలు అంటే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగుల అల్లిక. తడిసి ఉన్నప్పుడు ఒక హద్దు దాటిన వేడి తగిలితే ఆ పోగులు ముడుచుకుపోతాయి, ఆ ముడత మళ్లీ విప్పలేము. పచ్చి చర్మానికి ఆ హద్దు సుమారు 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్; తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటితో పదును చేసిన తోలుకు 70 నుంచి 85; క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలుకు ఇంచుమించు 100. పొడి తోలు ఇంతకన్నా ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది కనుక, పొడిగా ఉన్నప్పుడు ఇస్త్రీ పెట్టెకు ఏమీ కాని ముక్కే తడిమీద అప్పడంలా ముడుచుకుపోవచ్చు. నా మట్టుకు నేను తడి తోలు చుట్టూ గాలి 40 డిగ్రీలు దాటనివ్వను. తోలు ఉన్నచోట చెంప పెట్టి చూస్తే గోరువెచ్చగా, హాయిగా ఉండాలి.

రంగు సంగతి ఇంకా సున్నితం. నీటిలో కలిపిన రంగు నీటితోపాటే నడుస్తుంది. తోలులో ఏ భాగం ముందు ఆరుతుందో లోపలి నీరు అటే వచ్చి, అక్కడ ఆవిరై, తాను మోసుకొచ్చిన రంగును అక్కడే వదిలిపెడుతుంది. నా చేతిలో ఉన్న ఈ బెల్టు పట్టీకి ఒక పక్క నుంచే వేడి తగిలింది. ఆ పక్క అంచు పొడుగునా ముదురు చార, మధ్యలో పాలిపోయిన ఎరుపు, వంచితే వెంట్రుక వైపున సన్నని పగుళ్లు! ఇలాంటిది చూడగానే రంగు నాసిరకమని దుకాణదారుణ్ణి తిడతాం గానీ, లోపం ఆరబెట్టడంలో ఉంది.

కాబట్టి ముందు పాత నూలుగుడ్డతో అద్ది, కారే నీటిని తీసేయండి. తరువాత ఫ్యాన్ గాలి రెండు వైపులా సమంగా తగిలేటట్టు వెదురు కర్ర మీద వేయండి. ఇనుప మేకుకు మాత్రం తగిలించవద్దు. చెక్కతో పదును చేసిన తోలులోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి చెరగని నల్ల మచ్చ వేస్తుంది. హెయిర్ డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో, మూరెడు దూరం నుంచి, ఒకచోట నిలపకుండా ఆడిస్తూ పట్టండి. పాత రకం ఫిలమెంటు బల్బు కొంత వెచ్చదనం ఇస్తుంది, ఎల్ఈడీ బల్బు వల్ల ఆ ప్రయోజనం దాదాపు లేదు. తలుపులు మూసిన వంటింట్లో గ్యాస్ పొయ్యి వెలిగించి తోలు ఆరబెట్టాలనుకోవడం పొరపాటు, ఎందుకంటే గ్యాస్ మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుట్టి గదిలో చెమ్మను పెంచుతుంది. పైగా మూసిన గదిలో మంట ప్రాణాపాయం. స్పిరిట్ కలిసిన రంగైతే మంట, కుంపటి, వేడి బల్బు, డ్రయ్యర్ ఏదీ దరిదాపుల్లో ఉండకూడదు. ఆ ఆవిరి భగ్గుమని అంటుకుంటుంది. దానికి కిటికీ తెరిచిన గదిలో వచ్చే గాలే చాలు.

వేడి ఎప్పుడు ఆపాలో తోలే చెబుతుంది. ముంజేతి వెనక భాగం ఆనించినప్పుడు ఇంకా కొద్దిగా చల్లగా తగులుతున్నదంటే లోపల కాస్త తేమ మిగిలి ఉన్నట్టు. అక్కడే ఆపి, పలచగా నూనె రాసి, బల్ల అంచు మీద రెండు చేతులతో అటూ ఇటూ లాగుతూ మెత్తబరచాలి. అలా చేయకుండా పూర్తిగా ఆరనిస్తే పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి తోలు చెక్కలా బిగుస్తుంది. మిగిలిన తేమ రాత్రంతా నీడపట్టునే పోనివ్వండి. కత్తెర, ఆరె మరునాడు పట్టుకోవచ్చు.