మాత్రలోకి నీరు ఎంత దూరం వెళ్లింది?

(బెంగళూరులో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్. మాత్ర, అంటే మందును మెల్లమెల్లగా వదిలే మాత్ర, వేసుకునే పెద్దవాళ్లు కొందరు, "మాత్ర కరగనే లేదమ్మా, విరేచనంలో అలాగే పడిపోయింది" అని కంగారుపడతారు. మందు ఒంటికి పట్టలేదని టెన్షన్. సాధారణంగా అలా పడేది మందు వెళ్లిపోయాక మిగిలిన డొల్ల. ఆ డొల్ల ఎలా తయారవుతుందో చూడాలంటే కరుగుతున్న మాత్ర లోపలికి ఎం.ఆర్.ఐ. స్కాన్‌తో తొంగిచూడాలి.

కంపెనీల్లో రోజూ చేసే డిసల్యూషన్ పరీక్షకు ఆ చూపు లేదు. 37 డిగ్రీల దగ్గర, ఎక్కువగా 900 మిల్లీలీటర్ల ద్రవంలో మాత్ర వేసి, తెడ్డును నిమిషానికి 50 లేదా 75 చుట్లు తిప్పుతూ, ద్రవంలోకి ఎంత మందు దిగిందో కొలుస్తారు. లెక్క బాగానే వస్తుంది. రెండు బ్యాచ్‌లు వేర్వేరుగా ఎందుకు కరిగాయంటే మాత్రం జవాబు రాదు.

ఎం.ఆర్.ఐ. పట్టుకునేది ముఖ్యంగా నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాన్ని. గట్టి పదార్థం నుంచి వచ్చే సంకేతం సెకనులో వెయ్యో వంతు కూడా నిలవదు. అందుకే బొమ్మలో ఎండు మాత్ర నల్లగా, చుట్టూ ఉన్న నీరు తెల్లగా పడతాయి. ఎస్.ఆర్. మాత్రల్లో తరచుగా వాడే హెచ్.పి.ఎం.సి. అనే పొడి, నీరు తగలగానే నానిన సబ్జా గింజలా చుట్టూ జిగురు కడుతుంది. ఆ జిగురులో నీరు స్వేచ్ఛగా కదల్లేదు, దాని సంకేతం మామూలు నీటికన్నా త్వరగా ఆరిపోతుంది. ఆ తేడాను బట్టి జిగురు మందం, లోపల మిగిలిన పొడి భాగం గంటగంటకూ కొలవొచ్చు. మందు ఆ జిగురులోంచి మెల్లగా బయటపడాలి. నూరితే ఆ అడ్డు పోయి మందంతా ఒక్కసారే దిగుతుంది, నూరి మింగొద్దనేది అందుకే.

డిసల్యూషన్ పరీక్షలోని స్టీలు తెడ్డును ఎం.ఆర్.ఐ. యంత్రపు అయస్కాంతంలో పెట్టలేం. అందుకని చిన్న ప్లాస్టిక్ పాత్రలో మాత్రను ఉంచి, దూరంగా ఉన్న పంపుతో ద్రవాన్ని పారిస్తారు. పారే ద్రవాల్లో ఈ సంకేతం ఎలా మారుతుందో 1951లోనే మన మల్లేశ్వరం పక్కన ఐ.ఐ.ఎస్.సి.లో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) జి. సూర్యన్ అనే శాస్త్రవేత్త కొలిచి ప్రచురించారని ఈ ఊళ్లోనే చాలామందికి తెలియదు!

లోపాలూ ఉన్నాయి. నీటి బొమ్మ మందును నేరుగా చూపదు. మందులో ఫ్లోరిన్ ఉంటే దాని సంకేతాన్ని విడిగా పట్టొచ్చు, కానీ అది బలహీనం. నిమిషంలో విడిపోయే మాత్రకు మామూలు స్కాన్ వేగం చాలదు. ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి బ్యాచ్‌కీ ఇది చేయమని నేననను. బ్యాచ్ తేడా కొట్టి, నీరే ఆలస్యంగా లోపలికి వెళుతోందా, జిగురు ముందే చెదిరిపోతోందా అని మాత్ర కూర్పు చూసే ఫార్ములేషన్ వాళ్లు తల పట్టుకున్నప్పుడు మాత్రం తప్పకుండా చేయమంటాను.