గుండె ఆపరేషన్ తర్వాత గుండె ఆగితే: ఛాతీ తెరిచి చేసే మసాజ్

[తెరపై: ఐసీయూ మానిటర్, చదునైన గీత]

ఛాతీ పైనుంచి నొక్కే సీపీఆర్ 1960లో జాన్స్ హాప్కిన్స్ వైద్యుల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందు గుండె ఆగితే సర్జన్లు ఛాతీ కోసి, గుండెను చేత్తో పిండేవారు. 1901లోనే నార్వేలో సర్జన్ ఇగెల్స్‌రుడ్ ఇలా ఒక రోగిని బతికించారు. బైపాస్, వాల్వ్ ఆపరేషన్లయిన తొలి పది రోజుల్లో ఈ పాత పద్ధతి అవసరం ఇప్పటికీ ఉంది.

కారణం సూటిగా చెప్పుకుందాం. గుండె చుట్టూ రక్తం గడ్డకట్టి బిగిస్తే గదుల్లోకి రక్తం చేరదు. నిండని గుండెను పైనుంచి ఎంత నొక్కినా మెదడుకు వెళ్లేదేమీ ఉండదు. ఆ గడ్డ తీయాలంటే ఛాతీ తెరవాల్సిందే.

[తెరపై: గడియారం, 5 నిమిషాలు]

అయిదు నిమిషాల్లో తెరవడం లక్ష్యం. ఈలోపు జఠరికలు (గుండె కింది గదులు) వణుకుతుంటే వరుసగా మూడు కరెంటు షాకులు ఇవ్వాలి. గీత చదునుగా ఉంటే, ఆపరేషన్‌లో గుండెకు అమర్చిన పేసింగ్ తీగలతో నిమిషానికి 90 చొప్పున గరిష్ఠ శక్తితో పేసింగ్, అంటే కరెంటు తాకిడితో గుండెను కొట్టించడం. ఇవి నిమిషంలోపు చేయగలిగితే నొక్కడం కంటే ముందు ఇవే. ఫలించకపోతే వెంటనే నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం మొదలుపెట్టాలి. గుండె ఆగినప్పుడు ఇచ్చే మందు అడ్రినలిన్ మామూలు 1 మిల్లీగ్రాము డోసు ఇక్కడ వద్దు: గుండె తిరిగి కొట్టుకోగానే బీపీ ఎగబాకి కొత్త కుట్లు తెగిపోవచ్చు.

[తెరపై: చిన్న సెట్]

సెట్‌లో అయిదే వస్తువులు: అంటుకునే డ్రేప్ (స్టెరైల్ కప్పు), స్కాల్పెల్ (కత్తి), వైర్ కట్టర్, బరువైన నీడిల్ హోల్డర్ (సూది పట్టే పటకారు), ఒకే ముక్కగా ఉన్న రిట్రాక్టర్ (ఎముకను విడదీసి పట్టే పరికరం). పెద్ద ట్రే విప్పితే వెతకడంలోనే సమయం పోతుంది. చేతులు రుద్ది కడిగే తీరిక లేదు, గౌను, స్టెరైల్ గ్లవ్స్ చాలు. పాత కుట్టు మీదుగా ఎముక వరకు కోయండి. ఛాతీ ఎముకను కట్టిన వైర్లు కత్తిరించి లాగేయండి, రిట్రాక్టర్ పెట్టి తెరవండి. సక్షన్‌తో గడ్డలు తీయండి. చాలాసార్లు ఇంతటితోనే బీపీ తిరిగొస్తుంది.

రాకపోతే మసాజ్. ముందు గ్రాఫ్టులు (బైపాస్‌లో వేసిన కొత్త రక్తనాళాలు) ఎక్కడున్నాయో చూడండి, ముఖ్యంగా ఛాతీ లోపలి ధమనితో వేసినది. అది ఊడితే గుండెకే రక్తం ఆగుతుంది. కుడిచేతిని గుండె కొన మీదుగా వెనక్కి జార్చి, అరచేయి చదునుగా ఆనించండి. ఎడమచేయి ముందువైపు, అదీ చదునుగానే. నమస్కారం పెట్టే అరచేతుల్లా రెండూ ఒత్తుకోవాలి. పై బీపీ 60 దాటాలి.

ఇక్కడ జరిగే ఘోరమైన తప్పు బొటనవేలితో పొడవడం. కుడి జఠరిక గోడ పలుచన, వేలు దూసుకుపోతుంది. రెండోది, గుండెను ఎక్కువగా పైకెత్తడం: సిరలు మెలిపడి గుండె నిండదు.

వణుకు మళ్లీ వస్తే గుండెకే నేరుగా ఆనించే లోపలి పాడిల్స్‌తో 20 జౌల్స్ షాకు చాలు, చర్మం, ఎముక అడ్డు లేవు కదా.

లయ కుదిరాక రక్తస్రావం ఎక్కడో వెతికి ఆపాలి, యాంటిబయాటిక్ ఇవ్వాలి, ఆపై థియేటర్‌కు తరలించాలి.