ములుగులో భూకంపం: తల్లుల ఆగ్రహమా? (చర్చలో కొంత భాగం)

యాంకర్: 2024 డిసెంబర్ 4, ఉదయం 7.27. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం. హైదరాబాద్, విజయవాడల్లోనూ జనం బయటికి పరుగెత్తారు. మూడు నెలల క్రితమే మేడారం అడవిలో వేల చెట్లు కూలాయి. గురువుగారూ, సమ్మక్క సారలమ్మ తల్లులకు కోపం వచ్చిందా?

ప్రవచనకర్త: మంచి ప్రశ్న. భూమిని మోసేది ఆదిశేషుడు. పాపభారం పెరిగి ఆయన పడగ మార్చుకుంటే...

ప్రొఫెసర్: చెట్లు పడింది గాలికండీ! గోదావరి లోయలో పాత పగుళ్లున్నాయి. 1969లో భద్రాచలం దగ్గర కూడా...

ప్రవచనకర్త: నన్ను పూర్తి చేయనివ్వండి! జపాన్ వాళ్లు మాత్రం? భూమి కింద పెద్ద జెల్ల చేప కదిలిందనలేదా?

టీచర్: అన్నారు. కానీ అక్కడ 1923 భూకంపం గుర్తుగా ఏటా సెప్టెంబర్ 1న డ్రిల్లు చేస్తారు. ములుగు భూకంపం మర్నాడు నేను ఆరో తరగతిలో బల్ల కింద దూరమంటే పిల్లలు నవ్వారు. మా బల్లలకి కింద అడ్డచెక్క ఉంది, దూరలేరు.

యాంకర్: అది సరే మేడం, తల్లుల కోపం సంగతి?

టీచర్: వాళ్లు కోయల ఇలవేల్పులు సార్. ఆదిశేషుడి లెక్కలో ఎందుకు కలుపుతున్నారు?

ప్రవచనకర్త: అందరూ ఒకటే! గాంధీగారే 1934 బిహార్ భూకంపాన్ని అంటరానితనమనే పాపానికి శిక్ష అన్నారు.

ప్రొఫెసర్: అది తప్పని ఠాగూర్ అప్పుడే...

యాంకర్: అంటే గాంధీగారూ కోపమే అన్నారు!

(ముగ్గురూ ఒకేసారి. ఇక్కడ మాటలు తెలియలేదు.)

టీచర్: ...ఇండోనేషియాలో సిమెలూ అనే దీవి ఉంది. 1907 సునామీ నుంచి అవ్వలు పాడి చెప్పేది ఒక్కటే: నేల గట్టిగా ఊగి సముద్రం వెనక్కి పోతే కొండెక్కు. 2004లో దాదాపు 78 వేల మందిలో పోయింది ఏడుగురే. ఆ కథలో కాళ్లకి పని ఉంది. మన కథలో...

ప్రవచనకర్త: చూశారా! కథే కాపాడింది! నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే!

ప్రొఫెసర్: అది కాదండీ ఆవిడ...

యాంకర్: ముప్పై సెకన్లే ఉంది. గురువుగారూ, తల్లులు శాంతించాలంటే ఏం చేయాలి?

(గురువుగారు రెండు నిమిషాలు మాట్లాడారు.)

టీచర్: ఆ బల్లల సంగతి...

యాంకర్: బ్రేక్ తర్వాత మేడం.

(బ్రేక్ తర్వాత వాతావరణ వార్తలు వచ్చాయి.)