స్ట్రిప్పులో మిగిలిన నాలుగు మాత్రలు

పెద్దలందరికీ నమస్కారం. పేర్లన్నీ చదివితే టిఫిన్ చల్లారిపోతుంది, మన్నించండి. ఈ రోజు సెప్టెంబర్ 10, ఆత్మహత్యల నివారణ దినం. డిప్రెషన్ మందుల గురించి చెప్పమన్నారు. కాగితం రాసుకొచ్చాను గానీ, అది జేబులోనే ఉండనీయండి.

తిరుపతిలో ముప్పై ఏళ్లు మెడికల్ షాపు నడిపాను. అయినా నా తమ్ముడి విషయంలో తప్పు చేసింది నేనే.

వాడు చిత్తూరు పక్కన మామిడితోట చూసుకునేవాడు. ఒక ఏడు నిద్ర పోయింది, తిండి పోయింది. తెల్లారి మూడింటికే లేచి వసారాలో కూర్చునేవాడు. అమ్మ మొక్కుకుంటే కొండకు తీసుకెళ్లి గుండు చేయించాం. మొక్కు మొక్కే, మందు మందే. డాక్టరు డిప్రెషన్ అని చెప్పి, ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర రాశారు. "గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అందాకా ఒంటరిగా వదలొద్దు. మాత్రలు మీ దగ్గరే పెట్టుకొని రోజుకొకటి ఇవ్వండి" అన్నారు.

మూడో వారం వాడే గడ్డం గీసుకున్నాడు. టీ అంగడి దాకా నడిచి వెళ్లాడు. ఇంట్లో పండగే. నేనేమో, "బాగైపోయావు గదరా, ఇంకెందుకు? అలవాటు పడిపోతావు" అన్నాను. మందులమ్మే అన్న మాట కదా, నమ్మేశాడు. స్ట్రిప్పులో ఇంకా నాలుగు మాత్రలున్నాయి.

అమ్మా, ఇవి మత్తుమందులు కావు. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. టక్కున ఆపితే తల తిరుగుతుంది, చిరాకు, నిద్ర పట్టదు. జబ్బూ తిరగబెట్టొచ్చు.

నెల తిరిగేసరికి జరగరానిది జరగబోయింది. వివరం చెప్పను. మా మరదలు చూసింది కాబట్టి దక్కాడు. అప్పుడు కూడా ఆసుపత్రికి పోతే పోలీసు కేసవుతుందని గుమ్మం దగ్గర నిలబడి తర్జనభర్జన పడ్డాం! 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు. ఈ సంగతి మీ వీధిలో చెప్పండి.

వెనక వరుసలో హాస్టల్ పిల్లలున్నారు, మీకొక మాట. పాతికేళ్ల లోపు వాళ్లలో కొందరికి మందు మొదలెట్టిన కొత్తలో, డోసు మార్చినప్పుడు చావు ఆలోచనలు ఎక్కువ కావచ్చు. అమెరికాలో 2004లో పిల్లల విషయంలో, 2007లో 24 ఏళ్ల దాకా, మందు సమాచార పత్రంలో గడి కట్టి మరీ హెచ్చరిక వేయించారు. అది మందు మానమని కాదు, మనిషిని కనిపెట్టుకొని ఉండమని. టెన్షన్, నిలకడ లేకపోవడం కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. రూమ్మేట్‌ను "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

టైమైందని చీటీ పంపారు. బోర్డు మీద ఉన్న 14416, మనసు బాగోలేనప్పుడు సాయం అడగడానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు, ఫోన్లో ఎక్కించుకోండి. ఇప్పుడే, నేను నిలబడతాను. ఆ మూల కిటికీ దగ్గర టోపీ పెట్టుకున్నాయన కూడా ఎక్కించుకుంటున్నాడు చూడండి, ఆయనే మా తమ్ముడు.