కింది స్నానాలగదికి మెట్టు ఉండాలా?

వదిన: శ్రోతలందరికీ నమస్కారం. కిందటిసారి మాట ఇచ్చినట్టే, ఈ రోజు కింది అంతస్తులో కట్టుకునే చిన్న స్నానాలగది గురించీ, దాని పక్కనే చెప్పులూ గొడుగులూ హెల్మెట్లూ పెట్టుకుని కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చే చిన్న చోటు గురించీ మాట్లాడుకుందాం. హాలూ వంటగదీ కింద, పడకగదులన్నీ పైన ఉన్న డూప్లెక్సు ఇళ్ళు మా విజయవాడలో చాలా ఉన్నాయి. కట్టుకున్న రోజుల్లో అందరి మోకాళ్ళూ బాగుంటాయి కనుక కింద స్నానాలగది లేకపోవడం ఎవరికీ లోటుగా తోచదు. పెద్దవాళ్ళు మెట్లు ఎక్కలేని రోజు వచ్చాక, అప్పటికే నిండిపోయిన ఇంట్లో దానికి చోటు వెతుక్కోవలసి వస్తుంది.

మరిది: నమస్కారం. వదినా, ఒక్క సంగతి ముందే చెప్పి తర్వాత అంతా మీకే వదిలేస్తాను. గది పొడవూ వెడల్పూ కొలిచే ముందు వీధిలోని మ్యాన్‌హోల్ మూత మన నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలవాలి.

వదిన: మట్టం మాట సగం ఎపిసోడు అయ్యాకే ఎత్తుతానని ఒట్టు వేశారు.

మరిది: వేశాను, నిజమే. మీరు కానివ్వండి.

వదిన: అందరూ మొదట చూసేది మెట్ల కింది ఖాళీయే. అంతస్తు ఎత్తు 10 అడుగులు అనుకుంటే, మెట్లు తిరిగే చప్టా 5 అడుగుల ఎత్తున వస్తుంది, దాని మందం తీసేస్తే కింద నాలుగున్నర అడుగులే మిగులుతుంది. స్నానాలగది ఎత్తు ఎక్కడా 2.1 మీటర్లకు, అంటే దాదాపు 7 అడుగులకు తగ్గకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. చప్టా కింద మనిషి నిలబడలేడు. చప్టా నుంచి పైకి సాగే రెండో వరుస కింద మాత్రం ఎత్తు క్రమంగా పెరుగుతుంది కాబట్టి, తక్కువ ఎత్తున్న కొసలో ఫ్లష్ ట్యాంకు గోడకు ఆనుకుని, కమోడ్ ముందు మనిషి లేచి నిలబడే చోట తగినంత ఎత్తు ఉండేట్టు అమర్చి, తలుపు దగ్గర చిన్న వాష్‌బేసిన్ పెట్టుకుంటే వచ్చిపోయే చుట్టాలకు సరిపోతుంది. స్నానానికి మాత్రం అది చాలదు.

మరిది: చాలదని తెలిసి కూడా కొందరు ఎత్తు కోసం ఆ గది నేలను రెండడుగులు కిందికి తవ్వుతున్నారు. అది చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. వదినా, ఇక్కడ మట్టం మాట ఎత్తక తప్పదు.

వదిన: ఎత్తండి. కాని ముందు మన ఇంటి కొలత చెప్పనివ్వండి. అత్తయ్యగారి కోసం మేము మెట్ల కింది ఆలోచన మానుకుని, కింది గదిలోంచి నాలుగున్నర అడుగుల వెడల్పూ 7 అడుగుల పొడవూ ఉన్న చోటు తీస్తున్నాం. స్నానానికీ మరుగుదొడ్డికీ కలిపి కట్టే గదికి 2.8 చదరపు మీటర్ల వైశాల్యమూ 1.2 మీటర్ల వెడల్పూ ఉండాలన్నది నియమం, మన చోటు దానికి కాస్త ఎక్కువే. నియమానికి సరిపోవడం వేరు, పక్కన ఇంకొకరు నిలబడి పెద్దావిడకు స్నానం చేయించగలగడం వేరు. అందుకే 3 అడుగుల వెడల్పు గదులను నేను ఒప్పుకోలేదు.

మరిది: ఇప్పుడు నా మాట. ఇంటిలోని డ్రైనేజీ పైపు వీధి పైపుతో కలిసే ఉంటుంది. వాన కురిసి వీధి పైపు నిండితే, మురుగు మన పైపుల్లోకి వెనక్కి ఎక్కుతుంది. ఎంత ఎత్తు వరకు ఎక్కుతుందంటే, వీధిలోని మ్యాన్‌హోల్ మూత ఎంత ఎత్తున ఉందో అంతవరకు, ఎందుకంటే ఆ పైన అది వీధిలోనే పొంగి పారిపోతుంది. ఆ మూత కన్నా దిగువన మన ఇంట్లో ఏ రంధ్రం ఉన్నా మురుగు అక్కడినుంచి లోపలికి వస్తుంది. ఇల్లు మొత్తానికి అన్నిటికన్నా కింద ఉండే రంధ్రం ఏది? కింది స్నానాలగదిలోని నాని ట్రాప్, అంటే నేల మీది నీళ్ళు పైపులోకి దిగే జాలీ రంధ్రం. రెండడుగులు తవ్విన గదిలో అది ఎంత కిందికి పోతుందో శ్రోతలే ఆలోచించాలి.

వదిన: ఇందులో నాకు పేచీ లేదు.

మరిది: పేచీ ఇప్పుడు వస్తుంది. మన నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు హాలు నేల రోడ్డుకు 2 అడుగుల పైన ఉండేది. పాత పొరను గీకి తీయకుండా దాని మీదే కొత్త పొర పోస్తూ వచ్చిన వీధుల్లో ఏమవుతుందో మన వీధిలోనూ అదే అయింది. పొరతో పాటు మ్యాన్‌హోల్ మూతనూ ఎత్తుతారు. ఇప్పుడు ఆ మూతకూ మన హాలు నేలకూ మధ్య 2 అంగుళాలే తేడా ఉంది. స్నానాలగదిలో నీళ్ళు పారడానికి ఇంకో అంగుళం వాటం ఇస్తే మిగిలేది ఒక అంగుళం. ఇంకొక్క పొర పడితే అదీ పోతుంది. అందుకే కొత్త గది నేలను హాలు కన్నా 6 అంగుళాలు ఎత్తి కట్టాలని నేను అంటున్నాను.

వదిన: 6 అంగుళాలు ఎత్తడమంటే తలుపు దగ్గర ఒక మెట్టు పెట్టడం. మెట్లు ఎక్కలేకపోతున్నారనే కదా కింద గది కడుతున్నాం? తడి కాళ్ళతో, రాత్రి నిద్ర మత్తులో, గోడ పట్టుకుని నడిచే మనిషికి అన్నిటికన్నా ప్రమాదమైన మెట్టు స్నానాలగది గుమ్మంలోదే. దీన్ని నేను ఒప్పుకోను, ఒప్పుకోలేను.

మరిది: ర్యాంపు కడదాం.

వదిన: చక్రాల కుర్చీ వెళ్ళే ర్యాంపు 1కి 12 వాటంలో ఉండాలి. 6 అంగుళాలు ఎక్కడానికి 6 అడుగుల ర్యాంపు, దాని పైకొసన తలుపు ముందు నిలబడడానికి మట్టంగా ఇంకొంత చోటు కావాలి. మన హాలులో అంత చోటు తీస్తే మిగిలేది నడవే. పైగా స్నానం చేసి వచ్చిన తడి పాదాలు ఏటవాలు మీద దిగాలి.

మరిది: మరి మురుగు లోపలికి వస్తే? 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు వాగు పొంగి మన ఊళ్ళోని సింగ్‌నగర్ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు మనమందరం చూశాం. అది వరద, దానికి ఆరు అంగుళాలు అడ్డం రావు, ఒప్పుకుంటాను. నేను భయపడేది ఏటా వచ్చే మామూలు పెద్దవానకు. ఆ రోజు అమ్మ వాడే గదిలోనే మురుగు నిలిస్తే ఆవిడను ఎక్కడికి తీసుకువెళ్తాం? పైకి తీసుకువెళ్ళలేం కదా.

వదిన: వెనక్కి రానివ్వని కవాటం ఉంది కదా. నాన్ రిటర్న్ వాల్వు పెట్టించండి.

మరిది: అందరూ ఆ మాట దగ్గర ఆగిపోతారు, అందుకే నాకు ఇంత ఆవేశం. వాల్వు మూసుకుంటే వీధి మురుగు లోపలికి రాదు, కాని మన నీళ్ళు కూడా బయటికి పోవు. ఆ సమయంలో పై అంతస్తులో ఎవరో స్నానం చేస్తారు, ఎవరో ఫ్లష్ నొక్కుతారు. ఆ నీళ్ళు పైపులో దిగివచ్చి, దారి లేక, ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న రంధ్రం నుంచి పైకి వస్తాయి. వీధి మురుగు ఆగింది, సొంత ఇంటి మురుగు అమ్మ గదిలోకి వచ్చింది. ఏం లాభం?

వదిన: పై అంతస్తు పైపును వాల్వు దాటాక కలిపితే?

మరిది: ఏమన్నారు?

వదిన: కింది గదికి విడిగా ఒక లైను వేసి, ఆ లైనుకు మాత్రమే వాల్వు పెట్టి, పైనుంచి దిగే పైపును వాల్వుకు అవతల, వీధి వైపు ఛాంబరులో, అంటే పైపులు కలిసే మూత తొట్టిలో, కలిపితే, పైవాళ్ళ నీళ్ళు కింది గదిలోకి రావు. వాల్వు మూసుకున్నంతసేపూ కింది గదిని ఒక్కదాన్నే వాడకుండా ఉంటే చాలు. పైపు నిండినా ఆ నీళ్ళు పై గదుల దాకా ఎక్కవు, ఆ గదులు మ్యాన్‌హోల్ మూతకు ఎంతో ఎగువన ఉంటాయి.

మరిది: అలా చేయవచ్చు. అలాగే చేయాలి కూడా. కాని ఆ వాల్వు ఛాంబరును మనిషి చేయి పెట్టి శుభ్రం చేయగలిగే చోట, మూత తీయగలిగేట్టు కట్టాలి. వెంట్రుకలో గుడ్డపీలికో అడ్డంపడితే వాల్వు లోపలి రేకు పూర్తిగా మూసుకోదు. నేల కింద పాతి టైల్సు వేసేసిన వాల్వు ఉన్నా లేనట్టే.

వదిన: అయితే మెట్టు వద్దు.

మరిది: 2 అంగుళాలు?

వదిన: అర అంగుళం కూడా వద్దు.

మరిది: సరే, నా లెక్క ఇంకొకటి చెప్పనివ్వండి. మన ఇల్లు తూర్పుముఖం, వీధి తూర్పున ఉంది. ఈశాన్యంలో మరుగుదొడ్డి వద్దని అమ్మ గట్టిగా చెప్పారు కనుక గది వాయవ్యానికి వెళ్ళింది. ఆవిడ ఉండే గది, ఆవిడ మాటే చెల్లాలి, అందులో నాకు రెండో ఆలోచన లేదు. కాని వాయవ్యం నుంచి వీధి దాకా 40 అడుగుల పైపు వేయాలి. 110 మిల్లీమీటర్ల పైపుకు 1కి 40 వాటం ఇస్తే అంత దూరానికి 12 అంగుళాలు దిగుతుంది, 1కి 60 ఇస్తే 8 అంగుళాలు. వీధి పైపు లోతు దానికి సరిపోతుందో లేదో చూడకుండా మేస్త్రి చేత ఒక్క ఇటుక కూడా పెట్టించకూడదు. దిశ ఇంటివాళ్ళు చెప్పవచ్చు, వాటం మాత్రం నీళ్ళే చెబుతాయి.

వదిన: మరిదిగారూ, ఇవన్నీ ఒప్పుకుంటాను. ఒక్క మాట మీరు కూడా వినండి. పగలంతా సైటులో ఉండే మీరు చూడనిది నేను రోజూ చూస్తున్నాను. అత్తయ్యగారు సాయంత్రం నాలుగు దాటాక మంచినీళ్ళు తాగడం మానేశారు. రాత్రి లేవవలసి వస్తే పైకి ఎక్కలేనని, నన్ను లేపడం ఇష్టం లేక. ఎండాకాలం కూడా అంతే.

మరిది: నాకు చెప్పలేదు.

వదిన: మీకు చెప్పరు.

మరిది: ... మెట్టు వద్దు. వాల్వు పెడదాం. రేపే పైపు లోతు కొలిపిస్తాను.

వదిన: మిగిలినవి నేను చెబుతాను. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరిగేది కావాలి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డంపడి తలుపు తీయలేం. స్నానాలగదికి మామూలుగా పెట్టే రెండున్నర అడుగుల తలుపు చాలదు, చక్రాల కుర్చీ వెళ్ళాలంటే 3 అడుగులు కావాలి. మనం కొనే కమోడ్‌లు చాలావరకు 15, 16 అంగుళాల ఎత్తున ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు 18 అంగుళాలైతే లేవడం తేలిక. పక్కన పట్టుకునే కడ్డీ ఉండాలి. తువ్వాలు వేసుకునే కడ్డీని పట్టుకుని లేస్తే అది ఊడి చేతికి వస్తుంది.

మరిది: కడ్డీ విషయంలో గోడను చూడాలి. కొత్తగా లేపే గోడ నాలుగున్నర అంగుళాల గోడ. అందులో పైపుల కోసం గాడి కొట్టి, దాని పక్కనే కడ్డీకి రంధ్రాలు వేస్తే గోడ తట్టుకోదు. కడ్డీ పాత 9 అంగుళాల గోడకు రావాలి, పైపులు కొత్త గోడలో వెళ్ళాలి. ఏది ఎక్కడ అన్నది టైల్సు వేయకముందే సుద్దతో గోడ మీద గీయించాలి.

వదిన: ఆ గీతలు గీసేటప్పుడు అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ చేయి ఎక్కడికి అందుతుందో అక్కడే గీయాలి. కేటలాగులో ఎంత ఎత్తని రాసి ఉన్నా సరే.

మరిది: టైల్సు కూడా చిన్నవి తీసుకోండి. 1 అడుగుకు 1 అడుగు టైలు అయితే నాని ట్రాప్ వైపు వాటం సాఫీగా వస్తుంది. రెండడుగుల టైలును వంచలేం కదా, మధ్యలో నీళ్ళు నిలుస్తాయి, నిలిచిన చోట పాచి పడుతుంది. గరుకు టైలు అని అడగడంతో సరిపెట్టకుండా, నీళ్ళు పోసి దాని మీద చెప్పులు లేకుండా నిలబడి చూసి కొనాలి.

వదిన: తొందరపడే మేస్త్రికి ఇవ్వకండి ఆ పని.

మరిది: ఇవ్వను. ట్రాప్ దగ్గర ఇంకో మాట ఉంది. మెట్టు లేదు కనుక, నేల వాటమంతా తలుపు నుంచి ఎదురు గోడ వైపే ఉండాలి, 7 అడుగులకు ఒక అంగుళం. ఆ గోడ వెంట పొడవైన జాలీ కాలువ పెడితే షవరు నీళ్ళు అక్కడే దిగిపోతాయి. కాని అమ్మ చెంబుతోనే పోసుకుంటారు. చెంబుతో ఒక్కసారి కుమ్మరించిన నీళ్ళు షవరు నీళ్ళలా మెల్లగా పారవు, నాలుగు వైపులా చిమ్ముతాయి. తలుపు గీత దగ్గర కూడా ఒక సన్నని జాలీ కావాలి.

వదిన: పెట్టండి. అది మెట్టు కాదు కనుక నాకు సమ్మతమే. వేడినీళ్ళకు 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు చాలని కొందరు అంటారు, బకెట్టు స్నానానికి 15 లీటర్లదే నయం. 3 కిలోవాట్ల గీజరు దాదాపు 13 యాంపియర్లు లాగుతుంది కాబట్టి 16 యాంపియర్ల పాయింటూ దానికి విడి వైరూ కావాలి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు తప్పనిసరి. గ్యాస్ గీజరును మాత్రం ఇంత చిన్న గది లోపల పెట్టనే కూడదు, దానినుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన కూడా ఉండదు.

మరిది: వాసన అంటే గుర్తొచ్చింది. అమ్మ తన చెల్లెలి ఇంటికి వెళ్ళి నెల రోజులు ఉంటే ఈ గది వాడేవారు ఉండరు. నాని ట్రాప్‌లో అడ్డుగా నిలవవలసిన 2 అంగుళాల నీళ్ళు ఆరిపోతాయి. కంపూ బొద్దింకలూ అక్కడినుంచే వస్తాయి. వారానికి ఒక చెంబు నీళ్ళు పోయాలి.

వదిన: సమయం దగ్గరపడింది, చెప్పుల చోటు గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. గేటు నుంచి వచ్చేవారు కాళ్ళు కడుక్కోవడానికి వసారాలో ఒక పంపు, కూర్చుని చెప్పులు విప్పుకోవడానికి ఒకటిన్నర అడుగు ఎత్తు అరుగు, తడి గొడుగుల కింద నీళ్ళు కారేందుకు రాతి పలక, తలుపులు లేని చెప్పుల అర. తలుపులు వేస్తే వానాకాలం తోలు చెప్పులకు బూజు పడుతుంది. అంతే, ఎక్కువ ఖర్చు వద్దు.

మరిది: ఆ పంపు నీళ్ళు ఎటు పోతున్నాయి?

వదిన: మొక్కల్లోకి.

మరిది: మంచిది. డాబా మీది వాన నీళ్ళ గొట్టం?

వదిన: అది పక్క సందులో ఛాంబరు వైపు వెళ్తోంది అనుకుంటాను.

మరిది: ఏ ఛాంబరు? మురుగు ఛాంబరులోకా? వదినా, డాబా నీళ్ళు మురుగు పైపులో కలిస్తే పెద్దవాన రోజున మన పైపును మనమే నింపుకున్నట్టు, అప్పుడు ఆ వాల్వుకు అవతల...

వదిన: మీరు చెప్పండి, నేను టార్చి తెచ్చి సందులోకి వెళ్ళి చూసి వస్తాను.

మరిది: ఉండండి, నేనూ వస్తున్నాను.