తెల్లవార్లూ తెరిచి ఉన్న ఊరు

శ్రోతలకు నమస్కారం.

విశాఖపట్నానికి రాత్రి పని కొత్తేమీ కాదు. 1933లో మొదలైన రేవుకు ఓడలు వేళ చూసుకుని రావు. ఉక్కు కర్మాగారంలో ఇనుము కరిగించే పెద్ద కొలిమిని, అదే బ్లాస్ట్ ఫర్నేస్‌ను, పొద్దుపోయిందని ఆర్పలేం. పూర్తిగా చల్లారితే లోపలి ఇనుము గడ్డకట్టి అసలుకే మోసం వస్తుంది. అందుకే ఏ, బీ, సీ షిఫ్టులు. గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్లలో సీ షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు, చేసి వచ్చిన మనిషి పడుకుంటే పిల్లల్ని గట్టిగా మాట్లాడనిచ్చేవారు కాదు. పగటి నిద్రే అయినా దానికి ఇంటిల్లిపాదీ మర్యాద ఇచ్చేవారు.

ఇప్పటి రాత్రి వేరు. అర్ధరాత్రి చిప్స్ ప్యాకెట్టు నిమిషాల్లో గుమ్మంలోకి రావాలట! తెల్లారాక వస్తే ఏ కొలిమి చల్లారుతుంది?

తమకు పోటీ నిద్రతోనేనని 2017లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ బాహాటంగానే అన్నారు. నిద్రపోయే మనిషి ఏమీ కొనడు, ఏ ప్రకటనా చూడడు మరి. ఒక ఎపిసోడ్ అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలవడం, పన్నెండు కొట్టగానే తగ్గింపు ధరలు తెరవడం ఊరికే జరగవు. అదే ఏడాది వైద్య నోబెల్ మాత్రం ఒంట్లోని గడియారం నడిచే తీరును వివరించిన ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు దక్కింది. రాత్రివేళ కళ్లలో వెలుతురు పడుతుంటే ఆ గడియారం ఇంకా పగలే అనుకుంటుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఆలస్యమవుతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేక, పెందలాడే పడుకున్నామని కొందరు మురిపెంగా చెబుతారు. నాకు ఆ మురిపెం లేదు. పాలకూ మంచినీళ్లకూ జనం బారులు తీరిన రోజులవి. మనకు కావలసింది చీకటి కాదు, పని గంటలకు హద్దు.

ఆ హద్దును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలుగా గీసింది. మద్దిలపాలెం కూడలిలో రాత్రి ఒంటిగంటకు బండి మీద కూర్చుని ఆర్డరు కోసం చూసే కుర్రాడికి అటువంటి గీత లేదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అతన్ని గిగ్ వర్కర్‌గా, అంటే నెల జీతం కొలువు కాకుండా విడి విడి పనులకు కూలి తీసుకునేవాడిగా, గుర్తించింది గాని, ఎన్ని గంటలకు ఇంటికి పోవచ్చో చెప్పలేదు. ఫోను పక్కన పెట్టి పడుకోమని మనకు చెప్పే సలహా అతనికి చెప్పలేం. ఆ ఫోను మోగితేనే అతనికి కూలి.