ఆ ఒక్క లింకు డాక్యుమెంటు ఎక్కడ?

అందరికీ నమస్కారం.

ముప్పై ఏళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ని. వీడికి ఇంగ్లండు వంశవృక్షాలతో పనేమిటని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. ఈ సాయంత్రం మనం మాట్లాడుకునేది అనుమానం గురించే.

మా మేనల్లుడు బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. భార్య ఇంగ్లీషమ్మాయి. వాళ్లింటికి వెళ్లినప్పుడు హాల్లో ఫ్రేము కట్టిన వంశవృక్షం చూశాను. అడుగున ఆ అమ్మాయి పేరు, కొసన 1066లో ఇంగ్లండును జయించిన విలియం వెంట నార్మండీ నుంచి వచ్చి హేస్టింగ్స్‌లో కత్తి దూసిన వీరుడు. మధ్యలో ముప్పై తరాలు, ఎక్కడా ఒక్క ఖాళీ లేదు. సరిగ్గా ఆ ఖాళీ లేకపోవడమే నాకు నచ్చలేదు. మనం స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం కదా? ఇరవై తొమ్మిది ఉండి ఒకటి లేకపోతే అడ్వాన్సు ఇస్తామా? తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే గీత కూడా అలాంటి లింకే.

ముందు హేస్టింగ్స్ సంగతి. ఆ యుద్ధంలో విలియం పక్షాన ఉన్నారని గట్టి సాక్ష్యంతో పేరు చెప్పగలిగినవాళ్లు రెండు పదులకు అటూ ఇటూ. కానీ ఆ యుద్ధం జరిగిన చోట కట్టిన బాటిల్ మఠంలో ఉండేదని చెప్పే, విలియంతో వచ్చినవాళ్ల జాబితాకు 16వ శతాబ్దపు నకళ్లు ఉన్నాయి, వాటిలో ఒకదాంట్లో ఆరు వందలకు పైగా పేర్లున్నాయి. అసలు ప్రతి ఎవరి దగ్గరా లేదు. అసలు లేని నకలు తెస్తే మా ఆఫీసులో గుమ్మం కూడా దాటనిచ్చేవాళ్లు కాదు.

ఇలాంటివి ఎప్పుడు పుడతాయో చూడండి. వార్విక్‌షైర్‌లో ఫీల్డింగ్ అనే కుటుంబం ఉండేది. విలియం ఫీల్డింగ్ పెళ్లాడింది సుసాన్ విలియర్స్‌ను. ఆవిడ తమ్ముడు బకింగ్‌హామ్ ప్రభువు, మొదటి జేమ్స్ రాజుకు కళ్లల్లో పెట్టుకునేంత ఇష్టుడు. బావమరిది చలవతో 1622లో ఈ విలియం డెన్బీకి ఎర్ల్, అంటే పెద్ద ప్రభువు, అయ్యాడు. పదవి వచ్చింది, ఇక దానికి తగ్గ తాతలు కావాలి. వాళ్లూ దొరికారు, అదీ ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశంలో! 13వ శతాబ్దంలో మూడో హెన్రీ రాజు కాలంలో ఒక హాబ్స్‌బర్గ్ రాకుమారుడు ఇంగ్లండు వచ్చాడట, రైన్‌ఫెల్డెన్ అన్న ఊరి పేరే అరిగి అరిగి ఫీల్డింగ్ అయిందట. రుజువుగా పాత పత్రాలు చూపించారు. డగ్‌డేల్ అంతటి పండితుడు 1656లో అచ్చేసిన వార్విక్‌షైర్ చరిత్రలో ఈ కథను చేర్చేశాడు. చరిత్రకారుడు గిబ్బన్ అయితే నవలాకారుడు హెన్రీ ఫీల్డింగ్‌ను పొగడటానికి ఈ హాబ్స్‌బర్గ్ చుట్టరికాన్నే వాడుకున్నాడు. 19వ శతాబ్దానికి వచ్చేసరికి ఆ ఇంట్లో పిల్లవాడికి రుడాల్ఫ్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఆ కట్టుకథను కూల్చినవాడు చరిత్రకారుడు జాన్ హోరస్ రౌండ్. మహా కోపిష్ఠి, కలం పట్టాడంటే ఎవరినీ వదిలేవాడు కాదు. ఆ పత్రాలు 17వ శతాబ్దంలో వండినవని ఆయన తేల్చాడు. డగ్‌డేల్ నమ్మాడు, డగ్‌డేల్‌ను చూసి గిబ్బన్ నమ్మాడు. పది పుస్తకాల్లో ఉన్నంత మాత్రాన పది సాక్ష్యాలు ఉన్నట్టు కాదు. పది నకళ్లకు తల్లి ఒక్కటే అయితే సాక్ష్యమూ ఒక్కటే.

యువరాణి డయానా పుట్టిన స్పెన్సర్ కుటుంబానిదీ ఇదే వరస. గొర్రెల మీద సంపాదించి పైకొచ్చినవాళ్లు. రాజాస్థానంలో వంశాలు నిర్ధారించే అధికారే వాళ్లను పాత డెస్పెన్సర్ ప్రభువుల కొమ్మకు అంటుకట్టాడు. దాన్నీ రౌండే విప్పాడు. 1621లో ప్రభువుల సభలో ఆ ఇంటి స్పెన్సర్ ప్రభువు పూర్వుల ప్రస్తావన తెస్తే అరండెల్ ప్రభువు, ఆ రోజుల్లో మీవాళ్లు గొర్రెలు కాస్తున్నారు కదా అన్నాడట. మావాళ్లు గొర్రెలు కాసేటప్పుడు మీవాళ్లు రాజద్రోహం చేస్తున్నారని స్పెన్సర్ తిప్పికొట్టాడట. గొర్రెల మాట మాత్రం కాదనలేదు! మనం మాత్రం తక్కువ తిన్నామా? రాజరాజనరేంద్రుడి శాసనాల్లో వంశం ఏకంగా చంద్రుడి దాకా వెళ్తుంది.

మరి దేన్ని నమ్మాలి? వంశం గొప్ప చెప్పడానికి కాకుండా వేరే పనికి రాసిన కాగితాన్ని. రాజు నుంచి నేరుగా భూమి పొందినవాడు చనిపోతే అధికారి వచ్చి ఊరి పెద్దమనుషులతో ప్రమాణం చేయించి విచారణ జరిపేవాడు. ఎప్పుడు పోయాడు, ఏ ఏ భూములున్నాయి, వారసుడెవరు, వయసెంత. 13వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా ఇవి నడిచాయి. మూలాలు లాటిన్‌లో లండన్ నగరంలో క్యూ అనే చోట ఉన్న జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. చాలావాటికి ఇంగ్లీషు సారాంశాలు అచ్చయ్యాయి. 1195 నుంచి భూమి ఒప్పందాలను ఒకే తోలు మీద మూడుసార్లు రాసి వంకరటింకరగా కోసేవాళ్లు. ఇద్దరు కక్షిదారులకు చెరొకటి, అడుగు ముక్క ఖజానాకు. ముక్కలు కలిపి చూస్తే దొంగ దొరికిపోతాడు. మా స్టాంపు పేపర్లకు ఆ తెలివి ఉంటే ఎంత బాగుండేది!

అలాగని సర్కారు కాగితాన్నీ గుడ్డిగా నమ్మకండి. వారసుడికి ఇరవై ఒకటి నిండాయని రుజువు చేయడానికి సాక్షులు వచ్చేవాళ్లు. 'వాడికి బాప్తిస్మం ఇచ్చిన రోజు నేను గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను, అందుకే గుర్తుంది' అనేవాడొకడు, 'ఆ రోజే మా ఇల్లు కాలింది' అనేవాడింకొకడు. ఇవే మాటలు వేరే ఊళ్లో వేరే వారసుడి విచారణలోనూ కనిపిస్తాయి. గుమాస్తా దగ్గర నమూనా ఉండేదన్నమాట. నాకు ఆశ్చర్యం లేదు, నేనూ గుమాస్తానే.

ఇక మా కోడలుపిల్ల వృక్షం. చర్చి రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి. అక్కడి దాకా లింకులు గట్టివే. ఆ పైన 1540ల నాటి విల్లు, అంటే వీలునామా, ఒకటి దొరికింది, అదీ గట్టిదే. ఆ విల్లు రాసినాయన తండ్రిని 1470ల్లో పోయిన ఒక నైట్‌కు, అంటే బిరుదున్న యోధుడికి, రెండో కొడుకుగా చూపించారు. ఆధారం ఇంటిపేరు ఒక్కటే. ఆ నైట్ మరణ విచారణ వెతికి చదివాం. వారసులు ఇద్దరు కూతుళ్లు, ఒకామెకు ఇరవై రెండు, రెండో ఆమెకు పందొమ్మిది. అక్కడి చట్టం ప్రకారం కొడుకు గానీ, ఆ కొడుకు పిల్లలు గానీ బతికుంటే కూతుళ్లకు వారసత్వం రాదు. అంటే ఇంటిపేరు నిలిపే రెండో కొడుకెవరూ లేడు.

"ఇంతకీ ఆ పైన ఎవరు మావయ్యా?" అన్నాడు మేనల్లుడు. విల్లును బట్టి చూస్తే రైతులేరా అన్నాను. ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మొన్న ఫోటో పంపింది. వృక్షంలో 1540కి పైభాగం మడిచేసి, పక్కనే ఆ విల్లు నకలు ఫ్రేము కట్టించింది. అందులో పెద్దకూతురికి ఒక ఎర్రావు, ఒక ఇత్తడి కుండ రాసిచ్చాడు ఆయన.